మొగి చెట్టును సీసాలో బతికించడం: అంతరిస్తున్న అడవి పండ్ల చెట్లకు టిష్యూ కల్చర్, మొదటి నుంచి చివరిదాకా

శేషాచలం కొండల్లో పెరిగే మొగి చెట్టు నేరేడుకు దగ్గరి చుట్టం. శాస్త్రనామం సిజీజియం ఆల్టర్నిఫోలియం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, అంటే తిరుపతి, చిత్తూరు, కడప, కర్నూలు వైపు కొండల్లోనూ, కాస్త తమిళనాడు సరిహద్దులోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతిగా నమోదైంది. పండు తింటారు. గింజను నేరేడు గింజలాగే మధుమేహానికి నాటు మందుగా వాడతారు. అందుకే పండిన కాయ చెట్టు కింద రాలి మొలకెత్తేదాకా మిగలడం కష్టం. మొలిచినవాటికి వేసవి మంటల భయం ఉండనే ఉంది. 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం ఎలా కాలిందో ఆ ప్రాంతం వాళ్లకు గుర్తే ఉంటుంది.

ఈ చెట్టును టిష్యూ కల్చర్‌తో, అంటే మొక్క చిన్న ముక్కను క్రిములు లేని సీసాల్లో పెంచే పద్ధతి 1997లోనే అంతర్జాతీయ పరిశోధన పత్రికలో అచ్చయింది. పద్ధతి తెలియక ఆగిన పని కాదిది. డిగ్రీ కాలేజీ బోటనీ విభాగానికో, అటవీ శాఖ నర్సరీ పక్కన ఉన్న చిన్న ల్యాబ్‌కో అందే స్థాయిలో దీన్ని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేయాలో చెప్పడమే ఇక్కడి పని. మొగిని ఉదాహరణగా తీసుకున్నాను. మిగతా అడవి పండ్ల చెట్లకు ఎక్కడ మార్చుకోవాలో చివర్లో ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. మన రైతులకు టిష్యూ కల్చర్ అనగానే జీ-9 అరటి గుర్తొస్తుంది. మంచి తల్లి మొక్క ఒకటి దొరికితే దాన్నుంచి లక్షల పిలకలు, అన్నీ ఒకే ఎత్తు, ఒకేసారి గెల. సంరక్షణలో లెక్క తలకిందులవుతుంది. చాలా తల్లి చెట్లు కావాలి, ఒక్కోదాన్నుంచి కొన్ని మొక్కలే కావాలి. సీసాలో ఒక మొగ్గ నెలకు మూడింతలైతే చాలు, ఆరు నెలల్లో 729 అవుతుంది. చూడ్డానికి ల్యాబ్ నిండుగా ఉంటుంది. అవన్నీ ఒకే చెట్టు నకళ్లు. ఆ చెట్టుకు పడని తెగులు ఒకటి వస్తే అన్నీ పోతాయి. 40 చెట్ల నుంచి 25 చొప్పున తీసిన వెయ్యి మొక్కలు, ఒక చెట్టు నుంచి తీసిన లక్ష మొక్కలకంటే విలువైనవి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ లెక్క మీదే నడుస్తుంది.

అసలు టిష్యూ కల్చర్ అవసరమా?

గింజలు సరిపడా దొరికి, నర్సరీలో బాగా మొలుస్తుంటే అవసరం లేదు. గింజ నుంచి వచ్చిన మొక్క చవక, పైగా ఏ రెండూ ఒకేలా ఉండవు. ల్యాబ్ మోజులో ఈ దారి వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

మొగిలో చిక్కు గింజ దగ్గరే ఉంది. నేరేడు జాతుల్లో గింజలు తడిగా ఉంటేనే బతుకుతాయి. వరి, కంది గింజల్లా ఎండబెట్టి డబ్బాలో దాచలేం. ఎండితే చస్తాయి, ఫ్రిజ్‌లో పెట్టినా ఎక్కువ కాలం నిలవవు. కాబట్టి మామూలు విత్తన బ్యాంకు వీటికి పనికిరాదు. చెట్లు తక్కువై, కాపు ఏడాది విడిచి ఏడాది వచ్చే చోట, దొరికిన కొద్దిపాటి గింజల నుంచి మొక్కల సంఖ్య పెంచడానికి, ముసలి చెట్టు చచ్చేలోగా దాని నకలు ఒకటి దాచడానికి, మొక్కను ఏళ్లతరబడి కొద్ది చోటులో నిలవ ఉంచడానికి టిష్యూ కల్చర్ కావాలి. ఈ మూడింట్లో మీ అవసరం ఏదో ముందే రాసుకోండి. పనంతా దాన్నిబట్టే మారుతుంది.

అనుమతులు

శేషాచలంలో చాలా భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 2010లో జీవావరణ నిలయంగా కూడా ప్రకటించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం పార్కులోంచి కొమ్మ తేవాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. పార్కు బయటి రిజర్వు అడవికైతే డివిజన్ అధికారి ద్వారా వెళ్లాలి. దరఖాస్తులో జాతి పేరు, ఎన్ని చెట్లు, ఒక్కో చెట్టు నుంచి ఎన్ని గింజలు, ఎన్ని కొమ్మలు, చివరికి మొక్కలు ఎక్కడికి చేరతాయి అన్నది స్పష్టంగా రాయండి. ఊరి జీవవైవిధ్య కమిటీకి కూడా చెప్పి చేస్తే మేలు.

ఇది ఎర్రచందనం అడవి అని మరిచిపోకండి. కాగితం చేతిలో లేకుండా, బీటు అధికారి తోడు లేకుండా సంచీ, కత్తెర పట్టుకుని లోపల తిరగడం ఏ విధంగానూ మంచిది కాదు. పండ్లు ఏరే యానాది కుటుంబాలను వెంట తీసుకెళ్లండి, కూలి ఇవ్వండి. ఏ వాగు మీద ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో వాళ్లకు తెలిసినట్టు ఏ మ్యాపూ చెప్పదు.

తల్లి చెట్లు, రిజిస్టరు

మొగిని నేరేడు నుంచి గుర్తుపట్టడం తేలిక. నేరేడు ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా వస్తాయి. మొగి ఆకులు ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి, వెడల్పుగా, దళసరిగా ఉంటాయి. అనుమానం ఉంటే పూతతో ఉన్న రెమ్మ ఒకటి అద్ది ఎండబెట్టి హెర్బేరియానికి (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోటు) ఇవ్వండి. ఎలాగూ ప్రతి చోటి నుంచి ఒక నమూనా దాచాల్సిందే.

ఎన్ని చెట్లు? ఒక్కో ప్రాంతంలో 30 నుంచి 50 మధ్య ఉంటే, ఆ ప్రాంతపు జన్యు వైవిధ్యంలో ఎక్కువ భాగం చేతికొస్తుందని సాధారణంగా లెక్కిస్తారు. అన్ని లేకపోతే ఉన్నవన్నీ తీసుకోండి. చెట్టుకూ చెట్టుకూ మధ్య కనీసం 50 నుంచి 100 మీటర్ల దూరం ఉండేలా చూడండి. పక్కపక్కనే ఉన్నవి తోబుట్టువులై ఉంటాయి. బాగా కాసే నాలుగు చెట్లను ఏరుకోవాలని మనసు లాగుతుంది. ఇది తోట కాదు. గిడసబారినది, రాతి మీద బతికినది, తక్కువ కాసేది, అన్నీ కావాలి. ఎండ పెరిగితే అక్కరకొచ్చే లక్షణం వాటిలో దేనిలో ఉందో ఇప్పుడు చెప్పలేం.

ఒక్కో చెట్టుకు ఒక సంఖ్య. రిజిస్టరులో జీపీఎస్, ఎత్తు, రొమ్ము ఎత్తున మాను చుట్టుకొలత, ఫొటో, తేదీ రాయండి. తలకోన వైపు 14వ చెట్టు అయితే "త-14". దాని మూడో గింజ "త-14-3". నేరేడు జాతుల్లో ఒక్కోసారి ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలొస్తాయి. వాటిలో కొన్ని తల్లికి నకళ్లు కావచ్చు. అందుకే వాటిని "త-14-3-అ", "త-14-3-ఆ" అని విడదీయాలి. ఈ సంఖ్య సీసా మీద, ట్రే మీద, నర్సరీ సంచి మీద, చివరికి అడవిలో గుంత దగ్గర కూడా ఉండాలి. సీసా మీద స్పిరిట్ తగిలితే మార్కరు రాత చెరిగిపోతుంది. మైనపు పెన్సిల్‌తో రాయండి, లేదా పెన్సిల్‌తో రాసిన చీటీ అంటించి పైన టేపు వేయండి. సంఖ్య పోయిన సీసాను ఊహించి మళ్లీ రాయకూడదు. దాన్ని ప్రయోగాలకు వాడుకుని సంరక్షణ లెక్కలోంచి తీసేయాలి.

ఏం తేవాలి, ఎప్పుడు తేవాలి

రెండు దారులున్నాయి.

మొదటిది గింజ. మొగి పండ్లు తొలకరి చుట్టుపక్కల పండుతాయి. పూర్తిగా పండిన కాయలు కోసి, తడి గోనెలో చుట్టి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి ఎండలో జీపులో పెడితే సాయంత్రానికి గింజ ఉడికిపోతుంది. కాపులో నాలుగో వంతుకు మించి కోయకండి, మిగిలింది పక్షులకు, అడవికి. గింజ దారి తేలిక, లేత మొలక సీసాలో చెప్పినట్టు వింటుంది. ప్రతి గింజా కొత్త కలయిక కాబట్టి వైవిధ్యమూ దక్కుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి.

రెండోది పెద్ద చెట్టు కొమ్మ. ఆ చెట్టు నకలే కావాలన్నప్పుడు, లేదా అది కాయడం మానేసినప్పుడు ఇదొక్కటే దారి. నేరుగా అడవి కొమ్మ నుంచి కణుపు కోసి సీసాలో పెడితే సగం బూజు పడుతుంది, మిగతా సగం నల్లబడుతుంది. అందుకని మధ్యలో ఒక మెట్టు పెట్టుకోవాలి. కొమ్మ కొసలు తెచ్చి నర్సరీలో నేరేడు మొలకల మీద అంటు కట్టండి. అంటు అతికాక పాలీహౌస్‌లో ఉంచి, పై నుంచి నీళ్లు చల్లకుండా మొక్క మొదలు దగ్గరే పోస్తూ, వారానికోసారి బావిస్టిన్ లాంటి శిలీంధ్రనాశిని పిచికారీ చేస్తే శుభ్రమైన లేత చిగుళ్లు వస్తాయి. వాటిని తుంచి వాడాలి. అంటు కట్టడం రాకపోతే బొటనవేలు లావు కొమ్మను జానెడు ముక్కలుగా కోసి, తడి ఇసుకలో నిలబెట్టి, పైన పాలిథీన్ కప్పండి. నిద్రాణంగా ఉన్న మొగ్గలు పగిలితే ఆ చిగుళ్లు తీసుకోవచ్చు. చెట్టుకు మళ్లీ లేతదనం తెప్పించే ఈ మెట్టుకు కొన్ని నెలలు పడుతుంది. దీన్ని దాటేసి వెళ్దామనుకునేవాళ్లు ల్యాబ్‌లో అంతకు రెట్టింపు కాలం పోగొట్టుకుంటారు.

ల్యాబ్

ల్యామినార్ ఫ్లో (క్రిములు లేని గాలి వదిలే పెట్టె బల్ల), ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే యంత్రం), 0.1 మి.గ్రా. దాకా తూచే త్రాసు, పీహెచ్ మీటర్, డిస్టిల్డ్ నీళ్లు, ఏసీ గది, ట్యూబులైట్లు బిగించిన అరలు. ఆటోక్లేవ్ లేకపోతే పెద్ద ప్రెషర్ కుక్కర్ చాలు: 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 20 నిమిషాలు. గది 25 డిగ్రీలకు రెండు అటూ ఇటూ. వెలుతురు రోజుకు 16 గంటలు, 2,000 నుంచి 3,000 లక్స్. కరెంటు పోతే ఏసీకి, లైట్లకు దిక్కేమిటో ముందే చూసుకోండి. ఏప్రిల్ మధ్యాహ్నం రెండు మూడు గంటలు గది వేడెక్కినా సీసాల్లో ఆకులు వాడతాయి.

మీడియం

మురాషిగే, స్కూగ్ అనే ఇద్దరు 1962లో తయారుచేసిన ఎంఎస్ మీడియం, అంటే సీసాలో ముక్కకు ఆహారమయ్యే పోషకాల మిశ్రమం, ఈ పని చేసేవాళ్లందరికీ తెలిసిందే. చెట్ల జాతులకు నత్రజని, లవణాలు తగ్గించి 1980లో రూపొందించిన డబ్ల్యూపీఎం కూడా ఉంది. రెండూ పొడిగా దొరుకుతాయి. రెంటినీ పక్కపక్కన పరీక్షించి ఆకులు పచ్చగా, కొసలు ఎండకుండా ఉన్నదాన్ని ఉంచుకోండి.

లీటరుకు 30 గ్రా. చక్కెర, 7 నుంచి 8 గ్రా. అగర్. ఇంట్లో వాడే తెల్ల చక్కెర పనిచేస్తుంది, ఖర్చూ బాగా తగ్గుతుంది, కానీ ఒకే బ్రాండుకు కట్టుబడి ఉండండి. హార్మోన్లు కలిపాక పీహెచ్ 5.8కి తెచ్చి, ఆ తర్వాతే అగర్ వేసి కాచాలి. అగర్ వేశాక పీహెచ్ చూస్తే మీటర్ ఎలక్ట్రోడ్ పాడవుతుంది, అంకె కూడా తప్పు వస్తుంది.

హార్మోన్ల స్టాకు ఇలా చేయండి. పిలకలు పుట్టించే హార్మోన్ బీఏపీని 100 మి.గ్రా. తీసుకుని కొన్ని చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి, డిస్టిల్డ్ నీళ్లతో 100 మి.లీ. చేయండి. మి.లీటరుకు 1 మి.గ్రా. అన్నమాట. లీటరు మీడియంలో 2 మి.గ్రా. కావాలంటే 2 మి.లీ. పోస్తే సరి. వేర్లకు వాడే ఐబీఏ కూడా ఇంతే. సీసా మీద తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. నెల దాటితే కొత్తది చేసుకోండి.

క్రిములు తీయడం

గింజకైతే గుజ్జు పూర్తిగా తీసి, వేళ్లతో రుద్ది, కుళాయి ధార కింద అరగంట ఉంచాలి. కొమ్మకైతే ఆకులు కోసి, తొడిమ కొంచెం ఉంచి, ఒక్కో కణుపుతో 2 సెం.మీ. ముక్కలు చేయాలి. తర్వాత వరస రెండింటికీ ఒకటే:

1. రెండు మూడు చుక్కల ట్వీన్-20 లేదా టీపాల్ (సబ్బు లాంటి ద్రవాలు) కలిపిన నీళ్లలో 10 నిమిషాలు కలుపుతూ ఉంచి, బాగా కడగండి.
2. 0.1 శాతం కార్బెండజిమ్‌లో (బావిస్టిన్‌లో ఉండే మందు ఇదే) 20 నుంచి 30 నిమిషాలు. మళ్లీ కడగండి.
3. ఇక్కణ్నుంచి ల్యామినార్ లోపల. 70 శాతం ఆల్కహాల్‌లో 30 సెకన్లు. అర నిమిషమే.
4. ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 10 నుంచి 15 నిమిషాలు. బజారులో దొరికేది నాలుగైదు శాతం ఉంటుంది, ఒక పాలుకు మూడు పాళ్ల నీళ్లు కలిపితే సరిపోతుంది.
5. కాచి చల్లార్చిన డిస్టిల్డ్ నీళ్లతో అయిదుసార్లు కడగండి.
6. రెండు కొసలూ తెల్లబడిన మేర కోసేసి, కింది వైపు కిందికే ఉండేలా మీడియంలో నాటండి.

చాలా ల్యాబుల్లో నాలుగో మెట్టులో 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్ వాడతారు. ముదురు కొమ్మకు అది బాగా పనిచేస్తుందన్నది నిజమే. కానీ అది పాదరసం, విషం. వాడిన ద్రావణం, మొదటి కడుగునీళ్లు సింకులో పారబోయకుండా వేరే డబ్బాలో పట్టి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించే ఏర్పాటు లేకపోతే దాని జోలికి వెళ్లకండి. విద్యార్థులు చేసే ల్యాబ్‌లో నేనైతే హైపోక్లోరైట్‌నే ఎంచుకుంటాను, నాలుగు సీసాలు ఎక్కువ పోయినా సరే.

ఒక సీసాలో ఒకే ముక్క. ఒకదానికి బూజు పడితే పక్కది పోకూడదు, అంతేకాదు పోయిందేదో సంఖ్యతో సహా తెలియాలి. తెల్ల బూజు మూడు నాలుగు రోజుల్లో కనబడుతుంది, మూత తీయకుండానే ఆటోక్లేవ్‌లో పడేయాలి. బ్యాక్టీరియా అంత త్వరగా బయటపడదు. రెండు వారాల తర్వాత కణుపు మొదట్లో అగర్ లోపల పలచని పాలపొగలా ఒక వలయం కనబడితే అది మొక్క లోపల ఉండి వచ్చినది. పై నుంచి ఎంత కడిగినా పోదు. ఆ సంఖ్య అరుదైనదైతే తల్లి అంటు దగ్గరికి వెళ్లి కొత్త చిగురు తేవడమే మంచిది.

నలుపు తిరగడం

నేరేడు చెక్క నమిలితే నాలుక ముడుచుకుపోతుంది కదా, ఆ వగరే ఇక్కడి శత్రువు. కోత పడిన చోట ఫినాల్ పదార్థాలు బయటికొచ్చి గాలి తగలగానే మాడతాయి. సీసాను వెలుతురుకెత్తి చూడండి: కొద్ది గంటల్లోనే ముక్క అడుగున అగర్‌లో టీ మరక లాంటి గోధుమ వలయం మొదలవుతుంది. మర్నాటికి అది ముదురుతుంది. తర్వాత ముక్క కింది నుంచి పైకి నల్లబడుతుంది. మొగి, నేరేడు, మామిడి లాంటివాటిలో బూజుకంటే దీనివల్లే ఎక్కువ పోతాయి.

దీనికి మందు ఒకటి కాదు, కొన్ని పనులు కలిపి చేయాలి. ముక్కలు కోసేటప్పుడు గాలిలో వదలకుండా లీటరుకు 100 మి.గ్రా. ఆస్కార్బిక్ ఆమ్లం, 50 నుంచి 100 మి.గ్రా. సిట్రిక్ ఆమ్లం కలిపిన చల్లని నీళ్లలో పడేస్తూ పోండి. బ్లేడు కొత్తది వాడండి, నలిగిన కోత ఎక్కువ వగరు కారుస్తుంది. నాటాక మొదటి వారం సీసాలను చీకట్లో ఉంచండి. 24 గంటలకు ఒకసారి, మళ్లీ 48 గంటలకు ఒకసారి కొత్త మీడియంలోకి మార్చండి. సీసాలో చోటుంటే అదే మీడియంలో మరక లేని వైపుకు జరిపినా చాలు. మీడియంలో లీటరుకు 1 గ్రా. పీవీపీ (వగరును పట్టేసే పొడి) కలపవచ్చు. యాక్టివేటెడ్ చార్‌కోల్ లీటరుకు 1 నుంచి 2 గ్రా. వేస్తే మరక బాగా పీల్చుకుంటుంది, కానీ హార్మోన్లనూ పీల్చేస్తుంది. అందుకని చార్‌కోల్‌ను ఈ మొదటి దశకే ఉంచి, హార్మోన్లు వేసే తర్వాతి దశల్లో తీసేయండి. కాలం కూడా చూసుకోండి: ముదురు వేసవి కొమ్మకంటే వాన తర్వాత వచ్చిన లేత చిగురు తక్కువ నల్లబడుతుంది.

గింజలకు ఈ బాధ తక్కువ. హార్మోన్ లేని సగం బలం ఎంఎస్‌లో (లవణాలు సగమే వేసినది) పెడితే చాలు. మొలక రెండు మూడు కణుపులు వేశాక కోసి తర్వాతి దశకు తీసుకోవాలి. కింది మొదలును పారేయకండి, అది మళ్లీ చిగురిస్తుంది.

పిలకలు పెంచడం

బీఏపీ ఎంత వేయాలన్నది చెట్టు చెట్టుకూ మారుతుంది. కాబట్టి లీటరుకు 0, 0.5, 1, 2, 4 మి.గ్రా. చొప్పున అయిదు రకాలు చేసి, ఒక్కోదానికి 20 సీసాలు పెట్టి నాలుగు వారాలు చూడండి. లెక్కించాల్సింది పిలకల సంఖ్య ఒక్కటే కాదు. పొడవు 2 సెం.మీ. దాటినవెన్ని, ఆకు మామూలుగా ఉన్నవెన్ని అన్నది రాయండి. 4 మి.గ్రా. దగ్గర పది పిలకలొచ్చి అన్నీ గుత్తిలా పొట్టిగా ఉండటం, 1 మి.గ్రా. దగ్గర మూడే వచ్చి మూడూ నిటారుగా ఉండటం తరచూ జరిగేదే. రెండోదే మీకు కావాల్సింది.

ఆకులు గాజులా పారదర్శకంగా, ఉబ్బి, పెళుసుగా మారితే నీరు పట్టిందని అర్థం. బీఏపీ తగ్గించండి, అగర్ కొంచెం పెంచండి, గాలి ఆడే మూత వాడండి. కాండం అడుగున కణజాలం ముద్దలా కాలస్ కడితే దాన్నుంచి పుట్టిన మొక్కలు తీసుకోకండి, కోసి పారేయండి. అలా వచ్చినవాటిలో జన్యు మార్పులు చొరబడే అవకాశం ఎక్కువ. ఉన్న మొగ్గ పెరిగి వచ్చిన కొమ్మ మాత్రమే తల్లికి నమ్మకమైన నకలు. అదే కారణంగా ఒకే లైనును, అంటే ఒకే సంఖ్య మీద నడిచే పిలకల వరసను, ఏళ్లతరబడి కోస్తూ పోకూడదు. ఎనిమిది పది మార్పిళ్లు (కోసి కొత్త మీడియంలో పెట్టడం) అయ్యాక మళ్లీ తల్లి దగ్గరికి వెళ్లాలి.

నాలుగు వారాలకోసారి మార్పిడి. ఒక్కో సంఖ్యకు గరిష్ఠంగా ఎన్ని సీసాలుండాలో ముందే గీత గీసుకోండి. కొన్ని లైన్లు గబగబా పెరుగుతాయి, కొన్ని మొండికేస్తాయి. వదిలేస్తే ఏడాదిలో అరలన్నీ ఆ చురుకైన నాలుగైదు లైన్లతోనే నిండిపోయి, మిగతావి మూలన పడి చస్తాయి. మొండి లైన్లకు ఎక్కువ సమయం ఇవ్వడం విసుగు పుట్టించే పనే. సంరక్షణ అంటే ఎక్కువగా అదే పని.

వేర్లు

3 సెం.మీ. దాటిన పిలకను విడదీసి, సగం బలం ఎంఎస్‌లో లీటరుకు 1 నుంచి 2 మి.గ్రా. ఐబీఏ కలిపి నాటండి. చక్కెర 20 గ్రాములకు తగ్గించవచ్చు. మొదటి వారం చీకటి, తర్వాత వెలుతురు. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేర్లు రావాలి. రెండు మూడు గట్టి వేర్లు నేరుగా కాండం నుంచి వస్తే మంచిది. కాలస్ ముద్దలోంచి వచ్చిన వేరు కాండంతో సరిగా అతకదు. సీసాలో పచ్చగా ఉన్నా మట్టిలోకి రాగానే ఆ మొక్క వాలిపోతుంది.

బయటికి తేవడం

సీసాలో పెరిగిన ఆకుకు పైన మైనపు పూత ఉండదు, రంధ్రాలు సరిగా మూసుకోవు. బయటికి తీసి అలా బల్ల మీద పెడితే పావుగంటలో వేలాడిపోతుంది. రాయలసీమ ఎండలో చెప్పేదేముంది. కాబట్టి కాలం లెక్క వెనక నుంచి వేసుకోండి. మొక్కలు బయటికి రావాల్సింది జూలై, ఆగస్టు నెలల్లో, గాలిలో తేమ ఉన్నప్పుడు. అంటే వేర్ల దశ మే, జూన్‌లో. పిలకల దశ ముందు ఏడాది అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. గింజల సేకరణ అంతకు ముందరి తొలకరిలో. వేర్లొచ్చాయి కదా అని మార్చిలో బయటికి తీయకండి. ఆ మొక్కను ఇంకో రెండు మార్పిళ్లు సీసాలోనే ఉంచడం నయం.

సీసా మూత వదులు చేసి రెండు మూడు రోజులు మామూలు గదిలో ఉంచండి. తర్వాత మొక్కను నీళ్లలో ఆడిస్తూ తీసి, వేళ్లకు అంటిన అగర్‌ను గోరువెచ్చని నీళ్లతో పూర్తిగా కడగండి. కొంచెం చక్కెర అగర్ మిగిలినా దాని మీద బూజు పడుతుంది. కార్బెండజిమ్ నీళ్లలో ముంచి, కాచిన కోకోపీట్, పెర్లైట్ సమపాళ్లలో కలిపిన ప్రో ట్రేలో నాటండి. పైన పాలిథీన్ గుడారం. లోపల తేమ 85 నుంచి 90 శాతం. లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బిందువులు కనబడుతుంటే సరిగ్గా ఉంది.

పది రోజుల తర్వాత గుడారానికి ఒక మూల చిన్న చిల్లు. రెండు రోజులకు ఇంకొకటి. ఉదయం, సాయంత్రం అరగంట ఎత్తి ఉంచడం. అలా నాలుగు నుంచి ఆరు వారాలు. సీసాలో ఉన్న పాత ఆకులు పసుపు తిరిగి రాలితే కంగారు పడకండి. కొత్త ఆకు ముదురుగా, గట్టిగా వస్తే మొక్క నిలబడినట్టే. అప్పుడు ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు 2:1:1 కలిపిన సంచిలోకి, 50 శాతం షేడ్ నెట్ కిందికి మార్చండి. సంచిలో గుప్పెడు వ్యామ్ (వేళ్లకు మేలు చేసే శిలీంధ్రపు ఎరువు) వేస్తే వేరు బాగా పట్టుకుంటుంది. తల్లి చెట్టు కింది మట్టి కొంచెం కలిపినా పనికొస్తుంది. ఏడాది పాటు ఇక్కడే.

ఈ దశలో ఒక్కో లైను నుంచి కొన్ని మొక్కల ఆకులు, తల్లి చెట్టు ఆకు సిలికా జెల్‌లో ఆరబెట్టి, ఐఎస్ఎస్ఆర్ వంటి డీఎన్ఏ మార్కర్లు చేసే విశ్వవిద్యాలయ ల్యాబ్‌కు పంపండి. కొమ్మ దారిలో వచ్చినవి తల్లితో కలవాలి. గింజ దారిలో వచ్చినవైతే ఒకే మొలక పిలకలు ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే ఆ లైను అడవికి వెళ్లకూడదు.

నిలవ ఉంచడం

అన్ని లైన్లను నెలనెలా మార్చడం ఎవరికీ సాధ్యం కాదు. ఒక్కో లైను నుంచి నాలుగైదు సీసాలు విడిగా తీసి, సగం బలం మీడియంలో, బీఏపీ లేకుండా, లీటరుకు 20 గ్రా. మానిటాల్ (చక్కెర లాంటి పదార్థం) కలిపి, 15 నుంచి 18 డిగ్రీల గదిలో తక్కువ వెలుతురులో ఉంచితే పెరుగుదల మందగిస్తుంది. ఆరు నెలలకోసారి మారిస్తే సరిపోయే లైన్లు ఉంటాయి. ప్రతి నెలా ఒకసారి కళ్లతో చూడాలి. మనది ఉష్ణమండలపు చెట్టు, పది డిగ్రీల కిందికి దించితే దెబ్బతింటుంది. మామూలు ఫ్రిజ్‌లో పెట్టకండి.

ఇంకా దీర్ఘకాలానికైతే ద్రవ నత్రజనిలో, సున్నాకు దిగువన 196 డిగ్రీల దగ్గర, కొన మొగ్గను గానీ గింజలోని పిండాక్షాన్ని (మొలకగా మారే చిన్న భాగం) గానీ దాచే పద్ధతి ఉంది. తడి గింజను మొత్తంగా ముంచితే లోపలి నీరు మంచుముక్కలై కణాలు చీలిపోతాయి. అందుకే చిన్న భాగం తీసి, నీరు లాగేసి ముంచుతారు. ఇది చిన్న ల్యాబ్ పని కాదు. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఎన్‌బీపీజీఆర్‌కు ఇలాంటి శీతల నిలయం ఉంది. మీరు చేయాల్సింది శుభ్రమైన, సంఖ్య ఉన్న సీసాలతో వాళ్లను సంప్రదించడం. అప్పటిదాకా ప్రతి లైనునూ కనీసం రెండు వేర్వేరు ఊళ్లలోని ల్యాబుల్లో ఉంచండి.

ఇతర చెట్లకు వాడేటప్పుడు

మారేడు సీసాలో బాగా వస్తుంది, కణుపుల నుంచి పెంచిన అనుభవం చాలా ల్యాబులకు ఉంది. సపోటా అంటు కట్టడానికి వేరు మొక్కగా వాడే పాల చెట్టు కోసిన చోట పాలు కారుతుంది. ముక్కను నీళ్లలో చాలాసేపు ఉంచి, పాలు ఆగాకే క్రిములు తీయడం మొదలుపెట్టాలి. సారపప్పు చెట్టు మామిడి కుటుంబం, నల్లబడటంలో మొగికి తీసిపోదు. గింజ దారిలోనే రావాలి, పెంకు పగలగొట్టేటప్పుడు పప్పు నలగకూడదు. కొండ ఈత లాంటి తాటిజాతి చెట్ల జోలికి కొత్తవాళ్లు వెళ్లకండి. పెరిగే కొన ఒక్కటే ఉంటుంది, అది తీస్తే ఆ కాండం పోతుంది. వాటికి గింజే గతి.

మళ్లీ అడవికి

మంచి వాన ఒకటి పడ్డాక, జూన్ చివర నుంచి జూలైలో నాటండి. తలకోన గింజ తలకోన వైపుకే, కడప కొండల గింజ కడప కొండలకే. ఒక చోట నాటే గుంపులో ఒకే సంఖ్యవి పక్కపక్కన పడకుండా కలపండి. రేపు పూత వచ్చాక తేనెటీగ ఒక నకలు నుంచి అదే నకలుకు పుప్పొడి మోస్తే కాపు పలచబడుతుంది. గుంతలో రసాయన ఎరువు వేయకండి, ఆ నేలకు అలవాటు పడాల్సిన మొక్కకు అది మేలు చేయదు. వాలుకు అడ్డంగా అర్ధచంద్రాకారపు కట్ట వేయండి. పశువులు రాకుండా చుట్టూ ముళ్ల కంప పెట్టండి. జనవరిలోగా చుట్టూ గడ్డి చెక్కి మంట గీత గీయండి.

నెలకు, ఆరు నెలలకు, ఆ పైన ప్రతి వేసవి ముందూ తర్వాతా సంఖ్యల ప్రకారం చూసి రాయండి. మూడు వేసవులు దాటినవాటినే బతికినవాటి కింద లెక్కించండి. ఏ తల్లి పిల్లలు ఏ వాలులో ఎక్కువ నిలిచాయో ఆ పట్టికలో కనబడుతుంది, తర్వాతి విడతకు ఏ లైను నిల్వలోంచి తీయాలో అది చెబుతుంది. రిజిస్టరు కాపీ ఒకటి అటవీ డివిజన్ కార్యాలయంలో, ఒకటి హెర్బేరియంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ల్యాబ్‌లో మనుషులు మారతారు, ప్రాజెక్టుల గడువు అయిపోతుంది. మొగి పూతకొచ్చేసరికి ఆ కాగితం ఎవరో ఒకరి చేతికి అందేలా ఉండాలి.